ఆవులు లేని అక్టోబరు

డెన్‌జిల్ లస్కమ్‌కి అరవయ్యో ఏడు వచ్చేనాటికి, పెళ్ళయ్యాక అతను ఇల్లు విడిచి పడుకున్న రాత్రులు మూడంటే మూడు. రెండు పెళ్ళయిన కొత్తలో, భార్య థెల్మాతో ఇల్‌ఫ్రకూమ్ సముద్రపు ఒడ్డున. ఆ రెండు రోజులూ వాళ్ళ నాన్న పాలు పిండాడు. మూడోది కడుపులో ఆపరేషన్ అయిన రాత్రి. మత్తు దిగగానే అతను నర్సుని అడిగిన మొదటి మాట టైమెంతయిందని. సాయంత్రం నాలుగున్నర అని ఆమె చెప్పగానే లేవబోయాడట. ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టాల్సి వచ్చిందని థెల్మా ఇప్పటికీ చెప్తుంది.

ఉత్తర డెవన్‌లో, పెద్ద రోడ్డు దిగి రెండు మైళ్ళు సన్నటి బాటలో పోతే వెదర్‌కూమ్ అనే పొలం వస్తుంది. అదే వాళ్ళది. డెన్‌జిల్ తాత గర్న్‌సీ జాతి ఆవులు రెండింటిని సంతలో కొని అక్కడికి తోలుకొచ్చాడు. మళ్ళీ బయటి ఆవుని కొన్నది లేదు. ఆ రెండింటి కూతుళ్ళు, వాటి కూతుళ్ళు, అలా డెన్‌జిల్ చేతికి వచ్చేసరికి యాభై నాలుగు. తేనెరంగు మీద తెల్ల మచ్చలు, పచ్చగా మీగడ కట్టే పాలు. ప్రతిదానికీ పేరుంది. ఏది ఏ తల్లికి పుట్టిందో, ఏ ఈతలో కష్టపడిందో, ఏది ఎడమవైపు నుంచి దగ్గరికి వెళ్తే తంతుందో అతనికి తెలుసు. ఇది తెలిసినంతగా చుట్టాల సంగతి తెలియదు. పిల్లలు లేరు. ఆ విషయం భార్యాభర్తలు మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు.

చుట్టాలు పిలవక కాదు. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చే కార్డుల్లో అందరూ ఒకే మాట రాసేవాళ్ళు, ఈ ఏడైనా ఒకసారి రండి, రెండు రోజులుండండి అని. డెన్‌జిల్ అవి చదివి పొయ్యిగట్టు మీద నిలబెట్టి, పాలకి టైమైందని వెళ్ళిపోయేవాడు. చావులకి మాత్రం వెళ్ళేవాడు. పదకొండుకి చర్చిలో కనిపించి, రెండింటికల్లా బయలుదేరేవాడు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు కూడా, అందరూ ఇంకా టీ తాగుతుండగానే టోపీ పెట్టుకున్నాడు. అప్పుడు చెల్లెలు బెరిల్ వచ్చినవాళ్ళందరికీ వినబడేలా అంది: "మా అన్నకి యాభై నలుగురు పెళ్ళాలు. ఒక్కతీ సెలవివ్వదు." అందరూ నవ్వారు. డెన్‌జిల్ కూడా నవ్వి, బండెక్కాడు.

రెండువేల ఒకటిలో పశువులకి గాలికుంటు జబ్బు వచ్చింది. ఫిబ్రవరిలో ఎక్కడో ఉత్తరాన అన్నారు. మార్చికల్లా డెవన్‌లో పడింది. ప్రతి పొలం గేటు ముందూ మందునీళ్ళలో తడిపిన గడ్డి పరిచారు. ఎవరూ ఎవరింటికీ వెళ్ళడం లేదు. పోస్టుమేన్ ఉత్తరాలు గేటు దగ్గర డబ్బాలో పడేసి పోయేవాడు. పక్క పొలంలో మందకి జబ్బు ఉందని తేలింది. డెన్‌జిల్ ఆవుల్లో ఒక్కదానికీ నోట్లో పుండు లేదు, కాలికి కుంటు లేదు. అయినా జబ్బున్న పొలానికి ఆనుకుని ఉన్న పొలాల్లో పశువుల్ని కూడా చంపేయాలన్నది రూలు. ఫోను వచ్చిన మూడో రోజు పొద్దున సర్కారు మనుషులు వచ్చారు. మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ పూట ఏం జరిగిందో డెన్‌జిల్ థెల్మాకి చెప్పలేదు. ఆమె వంటింటి కిటికీకి తెర లాగి, రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చుంది.

తర్వాత వేసవి అంతా కడగడమే. తెల్ల బట్టల కూలీలు వచ్చి పశువుల కొట్టం గోడలూ నేలా దూలాలూ మందు పెట్టి కడిగారు. పాత సున్నం పెచ్చులు కూడా గీకేశారు. డెన్‌జిల్ వాళ్ళకి టీ అందించాడు, నీళ్ళ గొట్టం ఎక్కడుందో చూపించాడు. రోజూ నాలుగున్నరకే మెలకువ వచ్చేది. లేచి బూట్లు తొడుక్కుని, కొట్టంలోకి వెళ్ళి లైటు వేసి, కాసేపు నిలబడి, లైటు ఆర్పి వచ్చేవాడు. మొదట్లో థెల్మా భయపడి వెనకే వెళ్ళేది. అతను నిలబడటం తప్ప ఏమీ చేయడం లేదని తెలిశాక వెళ్ళడం మానేసింది. ఏడవలేదు, కోప్పడలేదు. పెట్టింది తిన్నాడు. ఉప్పు తక్కువైందా అంటే లేదన్నాడు, ఎక్కువైందా అంటే లేదన్నాడు. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అవీ వేసుకున్నాడు.

అక్టోబరులో కట్టడి ఎత్తేశారు. ఒక పొద్దున థెల్మా క్రిస్మస్ కార్డుల డబ్బా దించి, చిరునామాలు ఒక కాగితం మీద రాసుకుంది. ఫోన్లు కూడా చేసేసింది. ఆ తర్వాతే అతనికి చెప్పింది.

"ఎందుకిప్పుడు?" అన్నాడు డెన్‌జిల్.

"ముప్పై నాలుగేళ్ళుగా రమ్మంటున్నారు. ఇక చెప్పడానికి మన దగ్గర సాకేముంది?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఏ సాకూ లేదు. పెట్టె అటక మీదుందా అని అడిగాడు. పెట్టెకి బూజు పట్టింది. బయట ఎండలో పెట్టి తుడిచాడు.

మొదట బెరిల్ వాళ్ళింటికి వెళ్ళారు. డోర్సెట్‌లో ఒక ఊరు, పసుపురాయి ఇల్లు, ముందు గులాబీలు. బెరిల్ మొగుడు మోరిస్ బీమా ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. వాళ్ళు రావడానికి ముందే బెరిల్ మొగుడికి గట్టిగా చెప్పి ఉంచింది, ఆవుల మాట ఎత్తొద్దని. దాంతో మోరిస్‌కి మాట్లాడేందుకు ఏమీ మిగల్లేదు. పెరట్లో గుమ్మడికాయంత పెరిగిన దోసకాయ చూపించాడు. దాన్ని ఏ పోటీకి పెట్టాడో, ఎవరు మోసం చేసి గెలిచారో చెప్పాడు. డెన్‌జిల్ దాని మీద చెయ్యి వేసి, బరువుంటుందే అన్నాడు. మోరిస్‌కి ధైర్యం వచ్చి, ఇంకో గంట ఎరువుల గురించి చెప్పాడు.

భోజనాల దగ్గర చల్లటి పంది మాంసం, ఉడకబెట్టిన దుంపలు, బీట్‌రూట్ పచ్చడి. టీతో, మధ్యలో జామ్ పెట్టిన కేకు. పాలు జగ్గులో పోసి తెచ్చేటప్పుడు బెరిల్ ఒక్క క్షణం ఆగింది. ఆ పాలు కూడా ఆవులవే కదా, చూపించడం తప్పేమో అనుకున్నట్టు నిలబడింది. డెన్‌జిల్ చెయ్యి చాచి జగ్గు అందుకుని, కప్పులో పోసుకుని తాగాడు. నీళ్ళలా ఉన్నాయి. ఆ మాట అనలేదు.

మర్నాడు తెల్లవారుజామున బెరిల్ మంచినీళ్ళకి కిందికి వస్తే, వంటింట్లో బల్ల దగ్గర డెన్‌జిల్ కూర్చుని ఉన్నాడు. టోపీ, కోటు, బూట్లు అన్నీ వేసుకున్నాడు. బయటికి వెళ్ళే మనిషిలాగా లేడు, వచ్చిన మనిషిలాగానూ లేడు. ఆమె ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు అదే టైముకి ఇద్దరూ వెదర్‌కూమ్ వంటింట్లో అలాగే కూర్చునేవాళ్ళు, నాన్న పిలుపు కోసం.

"ఏమైనా చెప్పన్నా," అంది. "కనీసం నన్ను తిట్టు. అమ్మ పోయినప్పుడు నలుగురిలో నిన్ను ఎగతాళి చేశాను."

"ఎప్పుడు?"

"ఆ పెళ్ళాల మాట."

"అదా," అన్నాడు డెన్‌జిల్. "బాగానే అన్నావు."

బెరిల్ ఏడ్చింది. అతను లేచి ఆమెకి టీ పెట్టాడు. పంచదార ఎన్ని చెంచాలో అడిగాడు. అరవైకి దగ్గరపడుతున్న చెల్లెలికి పంచదార ఎంత కావాలో తనకి తెలియదని అప్పుడు తట్టింది. తట్టినా ఏమీ అనిపించలేదు. కప్పు ముందు పెట్టి, వాకిలి తలుపు బందు వదులైందని, స్క్రూడ్రైవర్ ఎక్కడుందని అడిగాడు.

రెండు రోజుల తర్వాత అక్కడినుంచి సోమర్‌సెట్ కొండల మీదికి, బాబాయి కొడుకు రోలాండ్ ఇంటికి వెళ్ళారు. థెల్మా ఈ ఇంటి గురించే ఎక్కువ భయపడింది. రోలాండ్‌కి ఎనభై ఆవులున్నాయి. జబ్బు అతని పొలానికి ఆరు మైళ్ళ దూరందాకా వచ్చి ఆగిపోయింది. చిన్నప్పుడు సెలవుల్లో రోలాండ్ వెదర్‌కూమ్‌లోనే ఉండేవాడు. పాలు పిండటం అక్కడే నేర్చుకున్నాడు, డెన్‌జిల్ పక్కనే పీట వేసుకుని.

గేటు దగ్గర ఇంకా మందునీళ్ళ తొట్టె ఉంది. రోలాండ్ గేటు తీయడానికి వచ్చి, కారు వైపూ తొట్టె వైపూ చూసి, ఎర్రబడిపోయాడు.

"నీకు తెలుసు కదరా," అన్నాడు. "ఇప్పుడు అవసరం లేదనుకో. అయినా..."

"కడగాల్సిందే," అన్నాడు డెన్‌జిల్. కారు దిగి, బూట్లు తొట్టెలో ముంచి, బ్రష్షు తీసుకుని మడమలు కూడా రుద్దాడు. తర్వాత కారు చక్రాలు నాలుగూ కడిగాడు. థెల్మా బూట్లు కూడా విప్పించి కడిగాడు. రోలాండ్ అంతసేపూ గేటు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ మధ్యాహ్నం జరిగిన పనుల్లో అదొక్కటే సాఫీగా జరిగిందని థెల్మా చెప్తుంది.

రోలాండ్ భార్య ఆడ్రీ భోజనం ముందుగదిలో పెట్టింది. ఆ గది ఎప్పుడూ వాడరు. వంటింట్లో కూర్చుంటే కిటికీలోంచి పశువులు కనిపిస్తాయి. ముందుగది కిటికీ రోడ్డు వైపుకి ఉంది. గొడ్డుమాంసం వండితే ఏమనుకుంటారోనని కోడిని కాల్చింది. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో, చర్చి పైకప్పుకి ఎంత పని ఉందో అన్నీ మాట్లాడుకున్నారు. మూడింటికి యాపిల్ పండ్ల వంటకం వచ్చింది. మూడున్నరకి టీ వచ్చింది. తర్వాత మాటలు అయిపోయాయి.

నాలుగు కొట్టింది. రోలాండ్ కుర్చీలో కదిలాడు, మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. నాలుగూ అయిదుకి వెనకనుంచి ఒక ఆవు అరిచింది. దానికి ఇంకోటి బదులిచ్చింది. నాలుగుంబావుకి గేటు దగ్గర గుమికూడిన మందంతా అరవడం మొదలెట్టింది. ఆడ్రీ టీ కప్పులు ఏరి తట్టలో పెట్టసాగింది, ఆ చప్పుడు వినిపించకుండా ఈ చప్పుడు చేయాలన్నట్టు. రోలాండ్ చర్చి పైకప్పు సంగతి మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. నుదురంతా చెమట పట్టింది. ఆవుల్లేని మనిషిని ముందుగదిలో కూర్చోబెట్టి తను పాలు పిండటానికి ఎలా లేచి వెళ్ళాలో అతనికి అర్థం కావడం లేదు.

డెన్‌జిల్ కప్పు కింద పెట్టాడు. "రోలాండ్. నాలుగూ ఇరవై అయింది."

"పర్లేదురా. కాసేపు ఆగుతాయి."

"ఆగవు. పొదుగులు సలుపుతాయి. వెళ్ళు."

రోలాండ్ లేచాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఏం అడగాలనుకున్నాడో మొహంలోనే ఉంది.

"నేను రాను," అన్నాడు డెన్‌జిల్. అడగకముందే అన్నాడు, కోపంగా ఏమీ కాదు.

కాసేపటికి మిషను మొదలైంది. పాలు లాగే మిషను చప్పుడుకి ఒక లయ ఉంటుంది. డెవన్‌లో పెరిగినవాళ్ళకి అది గుండె చప్పుడులా అలవాటు. ఆరు నెలలుగా థెల్మా ఆ చప్పుడు వినలేదు. ఆమెకి ఉన్నట్టుండి కన్నీళ్ళు ధారగా కారాయి. ఆడ్రీ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. డెన్‌జిల్ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. బయట రోడ్డు మీద ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోయారు. ఇప్పుడు తనలో ఏదో ఒకటి కదలాలని అతనికి తెలుసు. దాని కోసం ఎదురు చూశాడు కూడా. పన్నుకి మత్తు మందు ఇచ్చాక నాలుకతో బుగ్గని తడిమి చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఏమీ తగల్లేదు. పళ్ళెంలో యాపిల్ వంటకం ముక్క ఒకటి మిగిలి ఉంటే తిన్నాడు.

ఆ రాత్రి అక్కడ ఉండాల్సింది. థెల్మానే వద్దంది. పాల పని ముగించి వచ్చిన రోలాండ్ కారు దాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడగబోయి, జాగ్రత్తగా నడుపు అన్నాడు.

కాగితం మీద చివరి పేరు డోరీన్. ఆమె చుట్టం కాదు. యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు పిల్లల్ని మెడలో పేరు చీటీ కట్టి పల్లెటూళ్ళకి పంపేశారు. అలా తొమ్మిదేళ్ళ డోరీన్ వెదర్‌కూమ్‌కి వచ్చిపడింది. వచ్చిన మరుసటేడు డెన్‌జిల్ పుట్టాడు. ఆమె అయిదేళ్ళు అక్కడే పెరిగింది. లండన్‌కి తిరిగి వెళ్ళాక అక్కడ పొసగక, మళ్ళీ పల్లెలకే వచ్చి, సోమర్‌సెట్ పల్లపు నేలల్లో బుట్టలల్లే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. అతను పోయి తొమ్మిదేళ్ళు. డెబ్బై దాటినా నోరు మాత్రం లండన్‌దే.

తలుపు తీయగానే డెన్‌జిల్‌ని పైనుంచి కిందికి చూసి, "చిక్కిపోయావేరా అబ్బాయ్. లోపలికి రా, వేడంతా వీధిలోకి పోతోంది," అంది. కుర్చీ మీంచి పిల్లిని తోసేసి అతన్ని కూర్చోబెట్టింది. టీ పోసింది. కేకు లేదని, చేయడం ఎప్పుడూ రాలేదని, బిస్కెట్లు మెత్తబడ్డాయని చెప్పింది. తర్వాత సూటిగా అడిగింది.

"మీ ఆవులకి జబ్బు వచ్చిందా?"

"లేదు. పక్క పొలానికి వచ్చింది."

"ఎలా చేశారు?"

థెల్మా చేతిలో కప్పు ఆగిపోయింది. ఆరు నెలల్లో ఈ మాట ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

డెన్‌జిల్ చెప్పాడు. వాతావరణం సంగతి చెప్తున్నట్టు చెప్పాడు. ఆ రోజు కూడా నాలుగున్నరకే లేచి పాలు పిండాడు.

"పారబోయడానికేనా?" అంది డోరీన్.

"పారబోయడానికే. పొదుగు నిండుగా ఉంచి నిలబెడితే వాటికి నొప్పి." అతను టీ ఒక గుక్క తాగాడు. "వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. కుర్రాళ్ళు. నన్ను ఇంట్లోకి వెళ్ళమన్నారు. ముందు ఒక పెయ్యని తోలారు, అది మొరాయించింది. వాళ్ళకి తెలీదు. డచెస్ ముందు నడవకపోతే మందలో ఏదీ అడుగేయదు. అందుకని నేనే పిలిచాను. రోజూ పిలిచినట్టే పిలిచాను. వచ్చింది. దాని వెనక అన్నీ వచ్చాయి. వరస తప్పకుండా వచ్చాయి."

"నువ్వు పిలవకపోతే?"

"తరిమేవాళ్ళు. బెదిరేవి, ఒకదాని మీద ఒకటి పడేవి."

"అయితే మంచిపనే చేశావు."

"ఏమో," అన్నాడు డెన్‌జిల్. "అవి పాలకనుకున్నాయి."

థెల్మా నేల వైపు చూస్తూ ఉండిపోయింది. డోరీన్ అతన్ని ఓదార్చలేదు. చెయ్యి కూడా పట్టుకోలేదు. "నేను వచ్చిన వారంలోనే మీ ప్రిమ్‌రోజ్ ఆవు నన్ను తన్నింది. పేడలో పడ్డాను. మీ నాన్న నవ్వాడు," అంది.

"దాని సంతతి చివరిదాకా ఉంది. ఏడు."

"తన్నేవా?"

"అన్నీ తన్నేవి. ఆ రోజు కూడా ఒకటి తన్నింది. ఆ కుర్రాడు ఎగిరి పడ్డాడు."

"బాగా చేసింది," అంది డోరీన్. అని నవ్వింది. నవ్వు ఆగలేదు, దగ్గొచ్చేదాకా నవ్వింది. డెన్‌జిల్ నవ్వలేదు కానీ, ఆమె నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అయిదు కాకముందే అతను ఆ కుర్చీలోనే నిద్రపోయాడు. డోరీన్ అతని మీద దుప్పటి కప్పి, బూట్లు విప్పింది. ఆడవాళ్ళిద్దరూ గుడ్లు ఉడకబెట్టుకుని తిని, మెల్లగా మాట్లాడుకుని, పడుకోవడానికి వెళ్ళారు. పొద్దున అలవాటు కొద్దీ నాలుగున్నరకి థెల్మాకి మెలకువ వచ్చింది. కిందికి వచ్చి చూస్తే అతను అలాగే ఉన్నాడు, తల పక్కకి వాలి. దగ్గరికి వెళ్ళి ఛాతీ మీద చెయ్యి పెట్టింది.

మెట్ల మీదనుంచి డోరీన్, "ఊపిరాడుతోందిలే. నేనిప్పుడే చూసి వెళ్ళాను. వదిలెయ్," అంది.

ఏడింటికి లేచాడు. గడియారం చూశాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. ఊహ తెలిశాక ఒళ్ళు బాగున్న రోజున అంతసేపు పడుకున్నది అదే మొదటిసారి.

"మెడ పట్టేసింది," అన్నాడు.

ఆ తర్వాత అంతా సర్దుకుందని చెప్పడానికి లేదు. వెదర్‌కూమ్‌కి తిరిగి వచ్చారు. చలికాలం గడిచింది. మళ్ళీ ఆవుల్ని కొనమని కొందరన్నారు. చూద్దాం అన్నాడు. చూడలేదు. వసంతంలో పక్క రైతుని తన పొలంలో గొర్రెలు మేపుకోనిచ్చాడు. థెల్మా ఊళ్ళో బడి వంటింట్లో పనికి కుదిరింది. తనకి ఇంతకాలం పొద్దున్నే మాట్లాడే మనుషులు కావాలని ఉండేదని అప్పుడు తెలిసిందంది. డెన్‌జిల్ పొద్దున కొట్టంలోకి వెళ్ళి నిలబడటం ఎప్పుడు మానేశాడో ఆమె గమనించలేదు. ఎప్పుడైనా ఏడ్చాడా అని ఎవరైనా అడిగితే, తను చూడలేదనే చెప్తుంది.

కానీ చుట్టాలిళ్ళకి వెళ్ళడం మాత్రం మానలేదు. నెలకోసారి పెట్టె సర్దేవాడు. ఎవరింటికి వెళ్ళినా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కూర్చుని, పెట్టింది తిని, వదులైన బందులు బిగించి, కారిపోతున్న కుళాయిలు బాగు చేసి వచ్చేవాడు. రెండేళ్ళయ్యేసరికి బెరిల్ ఇంట్లో బాగు చేయడానికి ఏమీ మిగల్లేదు. "ముప్పై ఏళ్ళు రమ్మని ప్రాణం తీశాను. ఇప్పుడు కాస్త తగ్గించమని ఏ నోటితో చెప్పను?" అని ఆమె ఫోనులో థెల్మాతో అంది. చెప్పలేదు. మోరిస్ మాత్రం అతని కోసం ఎదురు చూసేవాడు. ఎరువుల సంగతి అంత ఓపిగ్గా వినేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు.

రోలాండ్ ఒక శీతాకాలం నడుం పట్టేసి మంచం మీద పడ్డాడు. ఒక వారం పాలు పిండిపెడతావా అని ఫోను చేశాడు. డెన్‌జిల్ లేదన్నాడు. కారణం చెప్పలేదు. మనిషి కోసం తెలిసిన పొలాలన్నిటికీ తనే ఫోన్లు చేసి, ఒక అనుభవం ఉన్నతన్ని కుదిర్చి పంపాడు. రోలాండ్ మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. ఇద్దరూ ఇప్పటికీ కార్డులు రాసుకుంటారు. మధ్యలో ఏదో ఒకటి అలాగే ఉండిపోయింది.

డోరీన్ కళ్ళకి పొర కమ్మడం మొదలయ్యాక, మూడు వారాలకోసారి గురువారం ఆమెని పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళడం డెన్‌జిల్ పనైంది. రానూ పోనూ నాలుగు గంటలు కారు నడపాలి. థెల్మా అడిగితే, దారి బాగుంటుంది అనేవాడు. ఆసుపత్రిలో ఇద్దరూ గోడకి ఆనించిన కుర్చీల్లో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. పిలిచేసరికి ఒక్కోసారి గంట పట్టేది. డోరీన్ ఎదుటివాళ్ళ బూట్లు ఎలా ఉన్నాయో అడిగేది. అతను చూసి చెప్పేవాడు.

ఒక గురువారం కొత్త నర్సు వచ్చి కంట్లో చుక్కలు వేస్తూ, "మీ అబ్బాయా అమ్మా?" అని అడిగింది.

"కాదు. వీడి ముడ్డిగుడ్డలు ఉతికినదాన్ని," అంది డోరీన్. "ఏడాదిన్నర ఉతికాను, చలికాలం కూడా."

నర్సు డెన్‌జిల్ వైపు చూసింది.

"నిజమే," అన్నాడతను. "సరిగ్గా ఉతికేది కాదని మా అమ్మ చెప్పేది."

డోరీన్ కళ్ళు మూసుకునే చెయ్యి చాపి, భుజం ఎక్కడుందో వెతికి ఒక్కటి వేసింది. నర్సు నవ్వుతూ, అరగంట కళ్ళు తెరవొద్దని చెప్పి వెళ్ళిపోయింది. ఆ అరగంటా డెన్‌జిల్ గోడ మీద అంటించిన కాగితాలు ఒక్కోటీ ఆమెకి చదివి వినిపించాడు. ఫ్లూ జ్వరం టీకా గురించి, చక్కెర జబ్బు గురించి, కార్లు ఎక్కడ ఆపకూడదో దాని గురించి.